బోణీ కాని కెమెరా

నేను ఒక కెమెరాను. పెద్దదాన్ని కాదు. చొక్కా జేబులో పడతాను, జేబు కిందికి లాగినట్టు కూడా ఉండదు. అలాగని చిన్నచూపు చూడకండి. పెళ్లిళ్లలో మెడకు తగిలించుకుని ఊరేగే బరువైన నల్ల కెమెరాలున్నాయే, వాటికి కనిపించేదంతా నాకూ కనిపిస్తుంది. మసక వెలుతురులో చెట్టు కింద నిలబడ్డ మనిషి కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా చూడగలను. వీపున సంచి వేసుకుని కొండలెక్కేవాళ్ల కోసమే నన్ను ఇంత తేలిగ్గా, ఇంత చూపుతో తయారుచేశారు.

ఇంత కన్ను పెట్టుకుని నేను ఇన్నేళ్లలో తీసిన ఫోటో ఒక్కటి. అది కూడా తీయకపోయినా ఎవరికీ నష్టం లేదు. తీయవలసిన ఫోటో వేరే ఉంది. ఒక మనిషి నా ముందు నిలబడ్డాడు, నోరారా నవ్వాడు, నేను చూపు సరిచేసుకుని సిద్ధంగా ఉన్నాను. నన్ను పట్టుకున్నాయన తీయనివ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే మీకు చెప్పడం కుదరదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

నేను పుట్టింది సముద్రాల అవతల, దుమ్ము రేణువుకి కూడా ప్రవేశం లేని ఒక గదిలో. తెల్ల టోపీలు పెట్టుకుని, మూతులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని నన్ను కూర్చారు. నా కంటికి అద్దాలు పొదిగిన ఆవిడ ఒక్కో అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మనసుకు నచ్చేదాకా పక్కన పెట్టేది కాదు. నేను మొట్టమొదట చూసింది గీతలు గీసిన ఒక తెల్ల అట్టను. ఎంత సన్నగీత దాకా విడిగా కనిపిస్తుందోనని పరీక్ష. చివరి గీత దాకా చూశాను. వాళ్లు తలలూపుకుని, పరీక్ష కోసం తీసిన బొమ్మల్ని చెరిపేసి, నన్ను పెట్టెలో పెట్టారు. ఇంత చూపున్న దాన్ని కొనుక్కున్నవాళ్లు ఎంతగా వాడుకుంటారో అని మురిసిపోయాను. మనుషుల సంగతి నాకు అప్పటికి తెలియదు.

ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో పట్నాయక్ గారి కెమెరాల కొట్లో తేలాను. నన్ను అద్దాల బీరువాలో పై అరలో పెట్టారు. అడిగినవాళ్లకి బ్యాటరీ వేయకుండా చూపించేవారు. బ్యాటరీ వేస్తే ఊరికే నొక్కేస్తారని ఆయన భయం. అడిగేవాళ్లు తక్కువే. అందరి జేబుల్లోనూ ఫోన్లుండగా నా అవసరం ఎవరికుంటుంది?

ఒకాయనకి ఉంది. ఆయన పేరు జోగారావు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. జరగబోయే నష్టాలన్నీ ముందుగానే ఊహించి కాగితం మీద పెట్టడం ఆయన ఉద్యోగం. యాభై దగ్గర పడుతున్న మనిషి, ముందుకు వచ్చిన పొట్ట, ముక్కు చివరికి జారే కళ్లద్దాలు. నెలకోసారి వచ్చేవాడు. నన్ను బీరువాలోంచి తీయించి, అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని తూచేవాడు. తలకిందులు చేసి చూసేవాడు. కంటికి ఆనించుకుని, మళ్లీ దించి, జేబు రుమాలుతో తన వేలిముద్రలు తానే తుడిచి ఇచ్చేసేవాడు.

"ఏటండీ జోగారావు గారూ, ఈ నెల కూడా చూపులేనా? పిల్ల నచ్చిందో లేదో ఓ మాట సెప్పేస్తే మేం వేరే సంబంధం చూసుకుంటాం కదండీ" అనేవారు పట్నాయక్ గారు.

"పిల్లకేం వంక లేదండీ. కాకపోతే ఈ కంపెనీ వాళ్లే ఇంకోటి దింపుతున్నారట. అది వానలో తడిసినా ఫర్వాలేదట. ఇంకొక్క నెల ఆగి చూద్దాం" అనేవాడు జోగారావు.

అలా వచ్చినప్పుడల్లా ఆయన వెనక ఇంకొకాయన ఉండేవాడు. పొడుగ్గా, ఎండకి కాగిన మొహంతో, మెడలో నల్లతాడుకి విజిల్ వేలాడుతూ. ఆయన సూరిబాబు. మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. భీమిలి బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ జోగారావుకి స్నేహితుడు. బడి వదిలినా, బజారుకొచ్చినా ఆ విజిల్ మెడలోంచి తీయడు. అది లేకపోతే మెడకి చలేస్తుందని అనేవాడు.

ఈయనకి ఒక కోరిక ఉంది. స్టాఫ్ రూములో ఏనాటిదో ఒక క్యాలెండరు మీద కాంచనజంగా బొమ్మ చూశాడట. డార్జిలింగ్ పక్కన సందక్‌ఫూ అని ఒక శిఖరం ఉంది, సంచి వీపున వేసుకుని రోజుల తరబడి నడిచి ఎక్కితే ఆ మంచుకొండల వరస అంతా ఎదురుగా నిలబడుతుంది. బడి పిల్లల్ని తప్ప ఇంకేదీ వరసగా నిలబడగా చూడలేదని, ఒక్కసారి కొండలు వరస కడితే చూడాలని ఆయన ఆశ. జోగారావు సరేనన్నాడు. అయితే మంచి కెమెరా లేకుండా వెళ్లేది లేదన్నాడు. ఆ మాట అన్నది నేను ఆ కొట్టుకి రాకముందట. కెమెరా తేలక ఒక కార్తీకం దాటిపోయింది. నేను వచ్చాక, నేనో, రాబోయేదో తేలక ఇంకో కార్తీకం దాటిపోయింది. ఆకాశం తేటగా ఉండేది అప్పుడే కాబట్టి మళ్లీ ఏడాది దాకా ఆగాలి.

"వెళ్లొచ్చాక మనకి మిగిలేదేంట్రా? ఫోటోలే కదా. అది సరిగా లేకపోతే వెళ్లీ ఏం లాభం?" అనేవాడు జోగారావు.

"ఫోన్ ఉంది కదరా నీకు. దాంతో తియ్యి."

"ఫోన్‌తో తీసేది ఫోటో కాదు."

"మరైతే ఇది కొను. జేబులో పడతాది, బరువు లేదు, చూపు బావుంది అని నువ్వే అంటన్నావు. ఇంకేటి కావాలి?"

"వచ్చేది దీనికన్నా ఇరవై గ్రాములు తక్కువట."

"ఒరే జోగీ, నీ పొట్ట రెండు కేజీలు దించరా. ఆ మిగిలిన బరువులో పట్నాయక్ గారి కొట్టు మొత్తం ఎత్తుకుపోవచ్చు!"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. జోగారావు కూడా నవ్వాడు. నవ్వి, నన్ను తుడిచి, బీరువాలో పెట్టించి వెళ్లిపోయాడు.

మూడో ఏడు దసరా ముందు నన్ను కొన్నాడు. వానలో తడవనిది రానే వచ్చిందట గానీ దాని చూపు మీద ఎవరో ఎక్కడో చెడ్డగా రాశారట. పట్నాయక్ గారు నన్ను పెట్టెలో పెడుతూ, కూతుర్ని అత్తారింటికి పంపిస్తున్నంత గంభీరంగా మొహం పెట్టి, మళ్లీ ఆపుకోలేక నవ్వేశారు. ఆ రోజు నా అంత సంతోషపడ్డవాళ్లు ఎవరూ లేరు. అమ్మయ్య, ఇక నా పని నేను చేస్తాను అనుకున్నాను.

ఇంటికి తెచ్చి జోగారావు చేసిన పని ఏమిటంటే, నన్ను వంటింటి త్రాసు మీద పెట్టడం. ఆ త్రాసు పక్కన ఆయన సామానంతా పరిచి ఉంది. టూత్‌బ్రష్షు పిడి రంపంతో సగానికి కోసి ఉంది. దువ్వెన కూడా సగమే. తువ్వాలు అంచులు కత్తిరించి ఉన్నాయి. ఆయన భార్య పద్మిని పప్పు కొలుచుకోవడానికి త్రాసు ఇమ్మంటే, ఇస్తాను ఉండు అంటూ నన్ను మూతతో ఒకసారి, మూత లేకుండా ఒకసారి తూచాడు.

దసరాకి నాకు ఆయుధపూజ చేశారు. మీ ఇళ్లలో బండికీ కత్తిపీటకీ చేసినట్టే. పద్మిని వేలితో కుంకుమ తీసుకుని నా నుదుటి మీద బొట్టు పెట్టబోతే జోగారావు కెవ్వుమన్నాడు, పొడి సందుల్లోకి పోతుందని. చివరికి నా తోలు సంచికి బొట్టు పెట్టి, నాకు దూరం నుంచి హారతి చూపించారు. ఆ హారతి వెలుగులోనే ఆయన ఒక నియమం పెట్టాడు.

"దీని బోణీ కాంచనజంగాతోనే. అప్పటి దాకా ఒక్కటి కూడా తీసేది లేదు."

కొట్టు తెరిచినవాళ్లకి బోణీ పట్టింపు ఉంటుంది, మొదటి చేయి మంచిదైతే రోజంతా మంచిదని. ఆయన ఆ పట్టింపు తెచ్చి నాకు అంటగట్టాడు. మొదటి ఫోటో గొప్పదైతే నా బతుకంతా గొప్ప ఫోటోలేనట. అందులో ఇంకో లెక్క కూడా ఉంది. నొక్కిన కొద్దీ కెమెరా అరుగుతుందని ఎక్కడో చదివాడు. అరగడానికే కదయ్యా నన్ను చేసింది అని అరవాలనిపించింది. నాకు కన్నిచ్చారు గానీ నోరివ్వలేదు.

టిక్కెట్లు తీశారు. ఏళ్లుగా చేస్తున్న ఆదివారాల నడక సాధన జోరందుకుంది. మాధవధార వైపు నుంచి సింహాచలం కొండ మీదికి మెట్ల దారి ఉంది. తెల్లవారగానే ఇద్దరూ సంచులు వేసుకుని ఎక్కేవాళ్లు. డ్రిల్లు మాస్టారు కాబట్టి సాధన పద్ధతి సూరిబాబుది. ఇద్దరి సంచుల్లోనూ ఇటుకలు వేయించాడు. ఇంట్లో దువ్వెన పళ్లు లెక్కపెట్టి కోసిన మనిషి, కొండ మీదికి ఇటుకలు మోస్తూ ఎక్కుతుంటే, తోలు సంచిలోంచి నాకే నవ్వొచ్చింది.

ఎప్పుడూ సూరిబాబే ముందు నడిచేవాడు. రెండు మలుపులు ముందుండి, విజిల్ ఊదేవాడు. వెనక జోగారావు రొప్పుతూ "వస్తన్నాన్రా" అని అరిచేవాడు. కానీ దసరా అయ్యాక రెండో ఆదివారం సూరిబాబు విజిల్ ఊదలేదు. మూడో మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంట్రా కూర్చున్నావ్?"

"ఏం లేదురా. ఈమధ్య కొద్దిగా ఆయాసమొస్తంది. వయసు కదా. కార్తీకానికి సర్దుకుంటాది."

"డాక్టర్ని అడిగావా?"

"అడిగితే కొండెక్కొద్దంటాడు. అందుకే అడగలేదు." నవ్వి, చొక్కా దులుపుకున్నాడు. దసరాకి కుట్టించుకున్న లేత పసుపు చొక్కా అది. "ఒరే, ఆ కెమెరా తెచ్చావు కదా. ఓ ఫోటో తియ్యరా. కొత్త చొక్కా. కనకం చూస్తాది."

కనకం ఆయన భార్య. వాళ్లకి పిల్లల్లేరు.

జోగారావు సంచిలోంచి నన్ను తీశాడు. మూత తెరిచాడు. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నా మీట సగం నొక్కితే చాలు, నేను ఎదుటి మనిషి మొహం వెతికి పట్టుకుని, చూపు సరిచేసుకుంటాను. పూర్తిగా నొక్కితే ఆ మొహాన్ని దాచుకుంటాను. జోగారావు మీట సగం నొక్కాడు.

నా చిన్న చతురస్రం ఆయన మొహం మీద వాలింది. పొద్దుటి ఎండ చెట్ల సందుల్లోంచి పక్కగా పడుతోంది. నుదుటి మీద చెమట, చెవుల్లో నెరిసిన వెంట్రుకలు, ఎడమ కనుబొమ మీద క్రికెట్ బంతి తగిలిన పాత మచ్చ, మెడలో విజిల్, దాని మీద ఒక చెమట చుక్క. ముందు కాస్త బిగుసుకున్నాడు. తర్వాత ఏం గుర్తొచ్చిందో, నోరు తెరిచి నవ్వాడు. పిల్లలు పరుగు పందెంలో గీత దాటినప్పుడు మాస్టార్లు నవ్వే నవ్వు. నాకు అన్నీ కనిపించాయి. నేను పుట్టింది ఈ పని కోసమే. నొక్కు, నొక్కు అని అద్దాలన్నీ బిగబట్టుకుని నిలబడ్డాను.

వేలు అక్కడే ఉంది. ఇంకొక్క పిసరు బరువు వేస్తే చాలు.

జోగారావు వేలు తీసేశాడు.

"బోణీ ఇక్కడ చెయ్యన్రా. ఈ ఆకుల నీడలు మొహం మీద మచ్చలు మచ్చలుగా పడుతున్నాయి. అక్కడ, పొద్దున్నే, వెనకాల కాంచనజంగా పెట్టి తీస్తాను చూడు. కనకం గోడకి కట్టించుకుంటుంది."

"ఈ మొహానికి అంత కొండ ఎందుకురా?" అన్నాడు సూరిబాబు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "సరే, దాచుకో నీ బోణీ. నేనెక్కడికి పోతాను?"

మూత పడింది. నేను చూసిందంతా వెలుగు పోయినట్టు పోయింది. చూడటం వేరు, దాచుకోవడం వేరు. నాకున్న శాపం అదే.

ఆ తర్వాత కొద్ది రోజులకే జోగారావుకి స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఆటల పోటీలకి పిల్లల్ని వరస కట్టించి, సూరిబాబు విజిల్ నోట్లో పెట్టుకున్నాడట. ఊది, గోడ నీడకి వెళ్లి కూర్చున్నాడట. మళ్లీ ఊదుతాడని పిల్లలు వరసలో కదలకుండా చాలాసేపు నిలబడ్డారట. ఆ మాట చెబుతూ జోగారావు పద్మిని ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదని చెబితే అబద్ధమవుతుంది. కలిగింది. కోపం దానికన్నా పెద్దది.

కర్మ చేయడానికి దండ వేయాలి, దండ వేయడానికి ఫోటో ఉండాలి. అప్పుడు వెతికారు. పెళ్లి ఆల్బం హుద్‌హుద్ తుపానులో తడిసి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంది. స్కూలు గ్రూపు ఫోటోల్లో ఆయన చివర నిలబడి, పక్కకు తిరిగి, పిల్లల్ని సర్దుతున్నాడు. పిల్లల ఫోన్లలో దొరికినవాటిలో బుగ్గలు పూరించి విజిల్ ఊదుతున్నాడు, లేదంటే ఎవర్నో తిడుతున్నాడు. సూరిబాబుది బొత్తాల ఫోను. ఇక జోగారావు ఫోన్ ఉంది. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఆ కొండ మీద తీసినవి ఉన్నాయి. ఆకులు ఉన్నాయి. రాళ్లు ఉన్నాయి. పట్నాయక్ గారి కొట్లో రకరకాల కెమెరాలు ఉన్నాయి. సూరిబాబు కూడా ఉన్నాడు, అన్నిట్లోనూ వీపే. ముందు నడిచేవాడు కదా.

చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మ తీసుకెళ్లి స్టూడియోలో పెద్దది చేయించారు. ఆ స్టూడియో అతను తన సొంత బుద్ధితో ఆయనకి నీలం కోటు తొడిగి, టై కట్టి, మచ్చ చెరిపేసి, మెడలో విజిల్ తాడు ఉన్నచోట తెల్లగా నున్నగా చేసి ఇచ్చాడు. బతికినన్నాళ్లూ కోటు వేసుకోని మనిషి, దండ వేసుకోవడానికి కోటు వేసుకున్నాడు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయిన రోజు జోగారావు వాళ్లింటికి వెళ్లాడు. కెమెరా తెచ్చుకోమని కనకమే ఫోన్ చేసి చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు. అడగడానికి ధైర్యం లేక అడగలేదు.

కనకం సన్నటి మనిషి. మాట మెల్లగా ఉంది. కాఫీ ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఆ ఫోటోలో ఆయన నాకు తెలీటం లేదండీ. ఎవరో మేనేజరు గారికి దండం పెడతన్నట్టుంది. మీ దాంట్లో ఆయనది ఉంది కదండీ, అది ఒకటి ఇప్పించండి."

"నా దాంట్లో..."

"అదేనండీ. ఆ ఆదివారం కొండ దిగొచ్చి చెప్పారు కదా. 'జోగిగాడు కొత్త కెమెరా పెట్టి నా మొహం తెగ చూశాడే, నేనూ నవ్వతానే నిలబడ్డాను, పసుపు చొక్కాలో పెళ్లికొడుకులా వస్తాను చూడు' అన్నారు. ఒక్కసారి చూపించండి అన్నయ్యగారూ. చూసి ఇచ్చేస్తాను."

జోగారావు నోటితో చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాడు. సంచిలోంచి నన్ను తీసి, మూత తెరిచి, ఫోటోలు చూపించే మీట నొక్కాడు. ఆ పని నా మీద పెట్టాడు. నల్లటి తెర మీద సన్నటి అక్షరాలతో నేను చెప్పాను. నో ఇమేజ్. నా బతుకులో ఇంకొకరితో నేను ఆడిన మొదటి మాట అది.

కనకం నన్ను రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిప్పింది, వెలుగు చాలక కనిపించడం లేదేమోనని. కొంగుతో నా తెర తుడిచింది.

"ఏదండీ? నల్లగా ఉందేటి?"

"తియ్యలేదమ్మా." జోగారావు జారిన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "అక్కడ తీద్దామనుకున్నాను. పొద్దున్నే, కొండ ముందు నిలబెట్టి... బాగా వస్తుందని..."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. నాకైతే చాలా తేలికయ్యేది. అర్థంకాని మనిషిలా ఆయన వంక చూసింది.

"ఆయన ఎక్కడైనా ఒకలాగే నవ్వుతారు కదండీ అన్నయ్యగారూ. దానికి కొండెందుకండీ?"

జోగారావు తన రైలు టిక్కెట్టు రద్దు చేసుకోలేదు. ఒక్కడే వెళ్లాడు. ఎదుటి బెర్తులో ఎవరో కుర్రాళ్లు దారిపొడుగునా పేకాడుకున్నారు. కొండ దారిలో నడుస్తుంటే ముందు నుంచి విజిల్ వినిపించక, జోగారావు ప్రతి మలుపు దగ్గరా ఆగేవాడు. సంచిలో ఇటుకలు లేవు. అయినా ఆయన రొప్పడం చూస్తే ఉన్నాయనే అనిపించేది.

ఆ పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మంచుకొండలు వరస కట్టి నిలబడ్డాయి. మొదట గులాబీ రంగు, తర్వాత బంగారం, తర్వాత తెలుపు. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేస్తున్నారు, ఒకరినొకరు నిలబెట్టి ఫోన్లతో తీసుకుంటున్నారు. జోగారావు నన్ను తీసి, కొండల్ని కుడివైపు పెట్టి, ఎడమవైపు ఒక మనిషి పట్టేంత జాగా వదిలాడు. మీట సగం నొక్కాడు. నా చతురస్రం అలవాటు ప్రకారం మొహం కోసం వెతికింది. ఎడమవైపు వెతికింది, కుడివైపు వెతికింది, మళ్లీ ఎడమవైపుకి వచ్చింది. ఏమీ దొరకలేదు. ఈసారి మాత్రం ఆయన వేలు ఆగలేదు.

బోణీ అయింది. అంత మంచి వెలుగు, అంత తేట ఆకాశం. ప్రతి మంచు అంచూ విడివిడిగా పట్టుకున్నాను. నేను చేయగలిగినదంతా చేశాను, ఖాళీ జాగాని కూడా చక్కగా తీశాను.

తిరిగొచ్చాక ఆయన చేసిన పని చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ ఫోటో తీసుకుని అదే స్టూడియోకి వెళ్లాడు. ఆ ఖాళీ జాగాలో ఆధార్ కార్డు సూరిబాబుని నిలబెట్టించాడు. నీలం కోటుతో, టైతో, మంచుకొండ ముందు, చలి లేనట్టు. జుట్టు చుట్టూ కత్తెర జాడ తెల్లగా కనిపిస్తోంది. కొండకి ఎండ ఒకవైపు నుంచి పడుతుంటే మనిషికి ఇంకోవైపు నుంచి పడుతోంది. దాన్ని పెద్ద ఫ్రేము కట్టించి, కాగితం చుట్టి, కనకానికి ఇచ్చాడు.

ఆవిడ కాగితం విప్పి చాలాసేపు చూసింది. ఆయన్ని నొప్పించకూడదని మాట కోసం వెతుక్కోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"మంచు బాగా వచ్చిందండీ" అంది.

తర్వాత మరోసారి వెళ్లినప్పుడు ఆ ఫ్రేము బియ్యం డబ్బా వెనక గోడకి ఆనించి ఉంది. గోడ మీది కోటు ఫోటో కూడా లేదు. ఆ మేకుకి విజిల్ వేలాడుతోంది, నల్లతాడుతో సహా. దానికే బంతిపూల దండ వేసింది. జోగారావు దాని ముందు నిలబడి, జేబులోంచి నన్ను తీశాడు. మూత తెరిచి పైకెత్తాడు. ఆ మేకూ ఆ దండా నాకు అప్పుడే కనిపించాయి.

"వద్దండీ అన్నయ్యగారూ. అది ఉంది కదండీ. ఉన్నదానికి ఫోటో ఎందుకు?" అంది కనకం, పూలకి నీళ్లు చల్లుతూ.

ఆయన దించేశాడు. ఇన్నాళ్లకి ఆయనకి నొక్కే బుద్ధి పుట్టింది, అదీ అడక్కుండానే. ఆ తర్వాత ఆయన నన్ను బట్టల బీరువాలో చొక్కాల కింద పెట్టాడు. సముద్రపు గాలికి అద్దాలకి బూజు పడుతుందని పద్మిని గుర్తుచేస్తూ వచ్చింది. బీరువా తెరిచినప్పుడల్లా ఆయన నన్ను చూడకుండా చొక్కా లాక్కునేవాడు. ఎండాకాలం మొదట్లో ఒక రోజు నన్ను పెట్టెలో పెట్టి, మళ్లీ పట్నాయక్ గారి కొట్టుకి తీసుకొచ్చాడు.

పట్నాయక్ గారు నన్ను అటూ ఇటూ తిప్పి, గీత కోసం, సొట్ట కోసం వెతికారు. ఎక్కడా లేవు.

"ఎన్ని తీశారండీ దీంతో?"

"ఒకటి."

"వేలల్లోనాండీ?"

"కాదండీ. ఒకటే."

పట్నాయక్ గారు బ్యాటరీ వేసి, లోపల లెక్క చూసి, ఆశ్చర్యపోయారు. మొహం వెలిగిపోయింది. "అయితే ఇది కొత్తదే కదండీ! జనం తెచ్చేవి ఎలా ఉంటాయో తెలుసాండీ, నొక్కి నొక్కి నాశనం చేసి తెస్తారు. మీలాగ చూసుకునేవాళ్లు ఎక్కడుంటారండీ ఈ రోజుల్లో? నిజంగా, మీకు దండం పెట్టాలి" అని రెండు చేతులూ జోడించారు కూడా.

జోగారావు ఆ దండానికి బదులు దండం పెట్టలేదు. నాకు రావలసిన డబ్బు కూడా తీసుకోకుండానే మెట్లు దిగిపోయాడు. పట్నాయక్ గారు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ పాత అరలోనే ఉన్నాను. వాడనట్టే ఉంది అని నా ముందు చిన్న అట్ట పెట్టారు. నా గురించి అంత నిజం ఇంకెవరూ రాయలేరు.

నిన్న సాయంత్రం ఒకాయన వచ్చాడు. నన్ను తీయించి, అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని తూచాడు. లద్దాఖ్ వెళ్తున్నాం, స్నేహితుడూ నేనూ, చిన్నది కావాలి, చూపు బాగుండాలి అన్నాడు. ఆ స్నేహితుడు బయట బండి మీద హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. విసుగొచ్చి లోపలికి తొంగిచూశాడు. ఈయన నన్ను కంటికి ఆనించి అటు తిప్పగానే, పళ్లన్నీ కనిపించేలా నవ్వి, చెయ్యి ఊపాడు.

"అద్భుతంగా ఉందండీ" అంటూ ఈయన నన్ను దించి, రుమాలుతో తుడిచాడు. "అవునూ, దీని తర్వాతది ఎప్పుడొస్తుందన్నారు?"